సవరణ: ఒకే ఆంప్లిఫయర్‌కు రెండు జతల స్పీకర్లు

ఆంప్లిఫయర్ వెనక ‘ఎ’, ‘బి’ అని రెండు వరసల టెర్మినళ్లుంటే హాల్లో ఒక జత, బెడ్‌రూమ్‌లో ఒక జత స్పీకర్లు పెట్టుకోవచ్చని మొన్నటి పోస్టులో ఉంది. దానికి ఒక షరతు చేర్చుతున్నాను. రెండు జతలూ ఒకేసారి మోగించాలంటే ముందు స్పీకర్ల ఓమ్‌లు (కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు ఎంతో చెప్పే కొలత) చూసుకోవాలి.

చాలా ఆంప్లిఫయర్లలో ఎ, బి రెండూ ప్యారలల్‌గా, అంటే రెండు స్పీకర్లనూ ఒకే టెర్మినళ్లకు తగిలించినట్టుగా, కలుస్తాయి. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు అలా కలిస్తే ఆంప్లిఫయర్ మీద పడే లోడు 4 ఓమ్‌లే. 6 ఓమ్‌లవైతే 3. ఓమ్‌లు తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది, సౌండు పెంచితే ప్రొటెక్షన్‌లోకి (తనను తాను కాపాడుకునే ఏర్పాటు) వెళ్లి ఆగిపోతుంది. అదీ లేని పాత సెట్టయితే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లే పోవచ్చు. టెర్మినళ్ల పక్కన సన్నటి అక్షరాలతో ‘ఎ లేదా బి: 8 ఓమ్‌లు, ఎ+బి: 16 ఓమ్‌లు’ అని రాసుంటే, రెండు జతలూ కలిపి మోగించడానికి ఒక్కో స్పీకరూ కనీసం 16 ఉండాలని అర్థం. అలాంటివి ఇళ్లలో దాదాపు ఉండవు. కాబట్టి ఒకసారికి ఒక జతే.

వైర్లు బిగించేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకేయండి. రాగి పోగులు గట్టిగా మెలిపెట్టండి. ఎర్ర టెర్మినల్లోంచి ఒక్క పోగు బయటికొచ్చి నల్లదానికి తగిలినా షార్టే.