ధర్మసత్రానికి తాళమెందుకు?

సర్వర్‌లో ఏ చిక్కొచ్చినా మన దగ్గర ఒక దివ్యౌషధం ఉంది: ఫైళ్ల అనుమతులు మార్చే లినక్స్ కమాండ్, సీహెచ్‌మోడ్ 777. ఫొటో అప్‌లోడ్ కావట్లేదా? 777. లాగ్ రాయట్లేదా? 777. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, వెరసి 7. ఓనర్‌కొక ఏడు, గ్రూపుకొక ఏడు, దారినపోయే దానయ్యకొక ఏడు. ఇంతటి సమానత్వం ఇంకెక్కడుంది? ఆ ఫోల్డర్‌ని వెబ్‌సర్వర్ యూజర్ పేర రాసి 750 (బయటివాళ్లకి సున్నా) పెడితే చాలదా అంటారు కొందరు ఛాందసులు. వాళ్ల మాట వింటే అసలు గొడవ ఎక్కడుందో వెతకాల్సొస్తుంది!

భక్తి ముదిరినవాళ్లు దానికి పెద్ద ఆర్ (లోపలున్నవన్నిటికీ వర్తించు అని) తగిలించి ఏకంగా రూట్ మీదే, అంటే అన్ని ఫోల్డర్లకీ మూలమైన డైరెక్టరీ మీదే వదులుతారు. అడ్మిన్ అధికారంతో కమాండ్లు నడిపించే సుడోకి, ఆ అధికారమిచ్చే సెట్‌యూఐడీ బిట్ ఎగిరిపోతుంది, ఇక సుడో పలకదు. హోమ్ డైరెక్టరీలో ఎవరైనా రాయొచ్చని తేలగానే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ మన కీని ఒప్పుకోదు. ఊరందరికీ తలుపులు తీసిన సత్రంలోకి యజమాని ఒక్కడే అడుగుపెట్టలేడు.

జాగ్రత్తపరులూ లేకపోలేదు. ముఖ్యమైన ఫైలుకి 400 (ఓనర్ చదవడానికి మాత్రమే) పెట్టి, అదున్న డైరెక్టరీని 777గానే ఉంచుతారు. ఫైలు తీసేసే హక్కు డైరెక్టరీది, ఫైలుది కాదు. అంటే బీరువాకి తాళం వేసి, బీరువాని వీధిలో పెట్టారన్నమాట. (అందరూ తాత్కాలిక ఫైళ్లు పడేసే టెంప్ డైరెక్టరీకి 1777 ఉండేది అందుకే. ముందున్న ఆ ఒకటి, ఎవరి చెత్త వాళ్లే ఎత్తుకోవాలనే నియమం.)

ఇక చెక్‌సమ్, అంటే డౌన్‌లోడ్ చేసిన ఫైలు మారలేదని తేల్చే గుర్తు. దాన్ని లెక్కగట్టే ఎస్‌హెచ్‌ఏ256 పద్ధతి ఇచ్చే 64 అక్షరాల్లో మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి తలూపుతాం. పెళ్లి విందులో లడ్డూ, పెరుగు రుచి చూసి మధ్యలో వంటంతా బాగుందన్నట్టు. ఎస్‌హెచ్‌ఏ256సమ్ కమాండ్‌కి మైనస్ సీ ఇస్తే అదే పోల్చి ఓకే అంటుంది గానీ, అందులో మన కళ్ల ప్రమేయం ఏముంటుంది?

2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సైట్‌లో చొరబడ్డవాళ్లు 17.3 సిన్నమన్ వెర్షన్ డౌన్‌లోడ్ లింకుని దొడ్డిదారి దూర్చిన ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే డిస్క్ ఫైలు) వైపు తిప్పారు. పేజీలో లింకు మార్చగలిగినవాడికి దాని పక్కనున్న చెక్‌సమ్ మార్చడం ఎంతసేపు? దొంగే పంచనామా మీద సాక్షి సంతకం పెడతాడు. అందుకే చెక్‌సమ్ ఫైలు మీది సంతకాన్ని సంతకాలు సరిచూసే జీపీజీతో చూడాలి, సంతకం చేసినవాళ్ల కీ ఫింగర్‌ప్రింట్ మరో చోటునుంచి తెచ్చుకోవాలి. మనం "గుడ్ సిగ్నేచర్" దాకా చదివి ఆగుతాం. ఈ కీ ఎవరిదో నమ్మకం లేదని కింది వరుసలోనే ఉంటుంది పాపం.

ఆడిటర్ అడిగాడని, ఫైళ్లలో మార్పులు కనిపెట్టే ఎయిడ్ కూడా వేసుకున్నాం. మొదటిరోజు ఇనిట్ చేసి మనం చెప్పిన ప్రతి ఫైలు హాష్ (చెక్‌సమ్ లాంటిదే) దాచుకుంటుంది, తర్వాత చెక్‌లో తేడాలు చెబుతుంది. ఆ డేటాబేస్‌ని వేరే మెషీన్‌లో దాచాలట. మనదేమో అదే డిస్కులో, వార్ లిబ్ కింద, రూట్ (అడ్మిన్) అధికారం దొరికినవాడు తీరిగ్గా కొత్తది రాసుకునేంత అందుబాటులో. ప్యాకేజీలు అప్‌డేట్ అయిన మర్నాడు వందలకొద్దీ తేడాలతో రిపోర్టు మెయిల్ వస్తుంది. దాన్ని నేరుగా చెత్తబుట్టకి పంపే ఫిల్టర్ మాత్రం ఇంతవరకు ఒక్కసారీ తప్పలేదు.