కడిగినంత మాత్రాన రసాయన డ్రమ్ము నీళ్ల డ్రమ్ము కాదు

బెంగళూరులో నీటి ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు మొదలవగానే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. పాత సామాన్ల దుకాణాల్లో దొరికే రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ములు ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్‌తో చేసినవట. సోడాతో మూడుసార్లు కడిగి, మూడు రోజులు ఎండబెట్టి, వాసన పోయాక తాగునీరు పట్టుకోవచ్చట. అనుమానముంటే నీళ్లలో కరిగిన లవణాలను అంచనా వేసే టీడీఎస్ మీటరుతో చూసుకోవచ్చట. ఇనుప డ్రమ్మయితే సగానికి కోయించి తొట్టి చేయించుకోవచ్చట. బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో ఒక కర్మాగారం స్టోర్సులో ఏళ్ల తరబడి ఈ డ్రమ్ములు దించుకున్న నాకు ఇది చదివినప్పుడల్లా భయం వేస్తుంది.

రంగు సంగతి చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆమ్లాలూ ద్రావకాలూ (సాల్వెంట్లు) మాకు అదే నీలం డ్రమ్ముల్లో వచ్చేవి. అడుగున త్రిభుజంలో 2 అని ఉంటే అది హెచ్‌డీపీఈ అనే రకం ప్లాస్టిక్ అని మాత్రమే అర్థం. అందులో ఏం పోశారో ఆ అంకె చెప్పదు.

కడగడం దగ్గరే అసలు పొరపాటు ఉంది. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఎంత తోమినా నూనె వాసన, కారం రంగు వదలవు, ఎందుకంటే అవి గోడలోకి ఇంకిపోయాయి. నూనెలు, ద్రావకాలు, పురుగుమందులు డ్రమ్ము గోడలోకీ అలాగే ఇంకుతాయి. సోడా పైపూతను తీస్తుంది. లోపల ఇంకినది ఆ తర్వాత నెలల తరబడి నీళ్లలోకి ఊరుతూనే ఉంటుంది. ఎండ ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తుందే తప్ప లోపల ఇంకినదాన్ని బయటికి లాగేయదు. కొందరు బ్లీచింగ్ పౌడరు కూడా కలపమంటున్నారు. అడుగున ఆమ్లం మిగిలి ఉంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

వాసన పోతే విషం పోయినట్టు కాదు. లోహాలకు పూత వేసే పరిశ్రమలున్న పీణ్యలో భూగర్భజలాల్లోకి హెక్సావాలెంట్ క్రోమియం అనే విషలోహం చేరింది. నీళ్లలో కలిసిన ఆ లోహాన్ని ముక్కు పట్టలేదు. టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకతను. టోలుయిన్ లాంటి ద్రావకం విద్యుత్తును మోయదు కాబట్టి, అది ఉన్నా మీటరులో అంకె కదలదు.

ఇనుప డ్రమ్మును కోయించడం వీటన్నిటికంటే ప్రమాదం. ఖాళీగా కనిపించే డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే చెడ్డది, ఎందుకంటే అందులో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. గ్రైండరు నిప్పురవ్వ ఒక్కటి చాలు, పేలిపోతుంది. చిక్కటి నూనె మడ్డి కూడా గ్యాస్ కట్టరు వేడికి ఆవిరై అంటుకుంటుంది. పోయేది మన ప్రాణం కాకపోవచ్చు, రోజు కూలికి కోసిపెట్టే కుర్రాడిది కావచ్చు.

డ్రమ్ములన్నీ పారేయమని నేను అనడం లేదు. కర్ణాటక నుంచి ఉప్పునీళ్లలో ఊరిన గెర్కిన్ దోసకాయలు ప్లాస్టిక్ పీపాల్లో ఎగుమతి అవుతాయి. అలాంటి ఆహార పరిశ్రమ నుంచి నేరుగా, లేబులు చిరగకుండా వచ్చిన పీపా అయితే వాడుకోవచ్చు. గతం తెలియని డ్రమ్మును ఎంత చవకైనా కొనవద్దు. రసాయనాలు అంటిన ఖాళీ పీపాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థాలే. వాటిని శుద్ధి చేయాల్సింది కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న కేంద్రాలు. కడిగిన నీటిని కూడా అక్కడ శుద్ధి చేయాలి. ఇంటి ముందు కడిగితే ఆ నీళ్లు వీధి కాలువ దాటి చెరువులోకి పోతాయి.

ఇప్పటికే కొనేసి ఉంటే కడగకండి, కోయించకండి. బిరడా గట్టిగా బిగించి, పిల్లలకూ నిప్పుకూ దూరంగా నీడలో నిలబెట్టి, మండలి అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికి ఫోను చేయండి.