నిదానమే ప్రధానం, అడ్వాన్సు మాత్రం ఈ సాయంత్రంలోపు

మెల్లగా నడవాలని సంక్రాంతి నాడు మా కర్నూలు వీధిలో అయిదు కుటుంబాలు ఏకగ్రీవంగా తీర్మానించాయి. ఎక్కడంటే కొండల్లో. ఎప్పుడంటే మే నెలలో. ఎందుకు అని ఆ రోజు ఎవరూ అడగలేదు. నువ్వులద్దిన సజ్జరొట్టెలు నమిలే పనిలో అందరి నోళ్ళూ నిండి ఉన్నాయి.

ఈ అయిదు కుటుంబాల గురించి పాఠకులకు కొంత తెలియాలి. వీధి చివర పాలబూతుకు బండి మీద వెళ్ళే వంశం మాది. బండి స్టాండు తీసి, నాలుగు తన్నులు తన్ని, వెనక్కి తిప్పుకొనే లోపల నడిచివెళ్ళినవాడు పాలు కాచుకొని తాగేసి గిన్నె కూడా కడుక్కుంటాడు. అయినా మా పద్ధతి మాదే. నడక మాకు మాత్రతో సమానం. డాక్టరు రాసిస్తే పొద్దునొకటి, చీటీ పోతే అదీ లేదు. అటువంటివాళ్ళం ఒక్కసారిగా రోజుకు ఎనిమిది కిలోమీటర్లు, అదీ కొండల మీద, అదీ నిదానంగా నడవాలనుకోవడానికి కారణం మా బ్యాంకు అన్న అల్లుడు ఫోనులో పెట్టిన ఒకే ఒక్క ఫొటో. అందులో అల్లుడు ఒక బండ మీద కూర్చుని లోయలోకి చూస్తున్నాడు. అతడు ఏమీ చేయడం లేదు. అది చేయడానికి ఎంతయిందో చెప్పేసరికి మాకు గౌరవం కలిగింది.

పనికి నడిచిపోతే బండి లేదు కాబోలు అని జాలిపడే లోకం, డబ్బు కట్టి నడిస్తే ఫొటో పెట్టమని అడుగుతుంది. ఈ తేడాను మా కమిటీ తొలి సమావేశంలోనే గుర్తించి మినిట్స్‌లో రాసుకుంది. బ్యాంకులో రిటైరయిన అన్న అధ్యక్షుడు. లెక్కల సారు కార్యదర్శి. వదిన కోశాధికారి, ఎందుకంటే ఆ ఇంట్లో ఆమె చేతిలో తప్ప ఎక్కడా డబ్బు నిలవదు. రాతపని నాది.

ముందుగా ఏ కొండ అన్నది తేలాలి. ఈ బాధ్యత సారు తీసుకున్నారు. వెయ్యి మీటర్లు పైకి పోతే దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్నది శాస్త్రం. కర్నూలు సముద్రమట్టానికి సుమారు 280 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో మన ఎండ 43 అనుకొని సారు పలక పట్టారు. ఊరి పక్కనే జగన్నాథ గట్టు ఉంది కదా అని ఎవరో అన్నారు. దాని మీదికి పోతే తగ్గే వేడి కన్నా బండ నుంచి వచ్చే వేడి ఎక్కువని సభ కొట్టిపారేసింది. శ్రీశైలం 450 మీటర్ల పైచిలుకు, కాబట్టి తగ్గేది ఒక్క డిగ్రీ. ఒక డిగ్రీకి ఎవరు సెలవు పెడతారు? హార్స్‌లీ హిల్స్ పన్నెండు వందల మీటర్లు దాటుతుంది, ఆరు డిగ్రీలు ఖాయం. ఏనుగు మల్లమ్మ కొండ అని మనవాళ్ళు పిలుచుకునే చోట కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర బంగళా కట్టుకున్నాడంటే ఊరికే కట్టుకోలేదు. అయితే దారిలో మదనపల్లెలో వదినకు పిన్నమ్మ ఉంది. పిన్నమ్మ ఇంట్లో దిగితే మూడు రోజులు లేవనివ్వదు. కొండకు ఎత్తు ఒక్కటీ ఉంటే చాలదు, దారిలో చుట్టాలు లేకుండా ఉండాలి. ఊటీ 2,240 మీటర్లే గానీ మేలో కర్నూలంతా అక్కడే ఉంటుంది. కర్నూలు వాళ్ళను తప్పించుకోవడానికి కదా మనం పోయేది.

చివరికి మనాలి నిలిచింది. సారు లెక్క ప్రకారం అక్కడ 31 డిగ్రీలు ఉండాలి. ఫోను చూస్తే మేలో అంతకన్నా బాగా చల్లగా ఉంటుందని తెలిసింది. మనాలి లెక్క తప్పిందని సారు ఇప్పటికీ అంటారు.

ఈలోగా అధ్యక్షుల వారి మనసు స్విట్జర్లాండు మీదికి పోయింది. పోదామని కాదు, పోల్చడానికి. ఆ దేశంలో నడక దారులు సుమారు 65,000 కిలోమీటర్లు ఉన్నాయట. మలుపు మలుపుకూ పసుపు రంగు బోర్డు. ఆ బోర్డు మీద దూరం రాయరు, ఎంతసేపు పడుతుందో రాస్తారు. గంట నలభై నిమిషాలు అని రాస్తే గంట నలభై నిమిషాలే. మన పల్లెల్లో ఏ పెద్దాయన్ని అడిగినా "ఈడనేప్పా, కూతవేటు" అంటాడు. ఆ కూత ఎవరిదో, ఆ గొంతు ఎంతటిదో చెప్పడు. రెండు గంటలు నడిచాక ఇంకో పెద్దాయన కనిపిస్తాడు. ఆయనా కూతవేటే అంటాడు. ఈ పద్ధతిలో ఉన్న మేలు ఏమిటంటే, ఎవరూ బయలుదేరకుండా ఆగిపోరు.

కొండ నడకకు ఎంతసేపు పడుతుందో లెక్కగట్టే సూత్రం 1892లోనే స్కాట్లాండులో నైస్మిత్ అనే కొండలెక్కే పెద్దమనిషి చెప్పాడు: అయిదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఇంకో గంట. సూత్రం మంచిదే. కానీ ఆయన కర్నూలు వాళ్ళతో నడవలేదు. కనుక సారు కొన్ని సవరణలు ప్రతిపాదించారు. టీ అంగడి ఒక్కింటికి పది నిమిషాలు. తెలిసిన మనిషి ఎదురైతే పావుగంట, ఆ మనిషి ఇంట్లో పెళ్ళి కుదిరి ఉంటే ముప్పావు గంట. నైస్మిత్ ప్రకారం మా ఇంటి నుంచి కొండారెడ్డి బురుజుకు ఇరవై నాలుగు నిమిషాలు. సవరణ ప్రకారం గంటా యాభై. స్వయంగా నడిచి చూశాం, గంటా యాభై అయిదు. ఆ అయిదు నిమిషాలు బురుజు కింద నిలబడి లెక్క సరిచూసుకున్నందుకు.

వైద్యశాస్త్రం కూడా మా పక్షానే ఉందని ఫిబ్రవరిలో తేలింది. 2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వాంతులు వస్తాయట. 3,000 దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పైకి జరపకూడదట. మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కడం మాని ఆగాలట. ఈ చివరి మాట వినగానే సభలో ప్రాణం లేచొచ్చింది. విశ్రాంతి తీసుకోవాలని ఇంత స్పష్టంగా చెప్పిన శాస్త్రాన్ని మేం అంతకుముందు ఎరగం. మూడు వేలు దాటే ఉద్దేశం ఎవరికీ లేకపోయినా జాగ్రత్త మంచిదని వెంటనే టూరు ప్లానును తిరగరాశాం. మొత్తం పది రోజులు. కర్నూలు నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి రాత్రంతా బస్సు, మళ్ళీ తిరుగు ప్రయాణం కలిపి నాలుగు రోజులు. శాస్త్రోక్తమైన విశ్రాంతి మూడు. శాలువాలు కొనడానికి ఒకటి. మిగిలిన రెండింటిలో ఒకటి వాన పడితే అని పక్కన పెట్టాం. నడక ఒక రోజుకు వచ్చింది. ఇప్పుడిది నిజంగా నిదానంగా ఉందని అధ్యక్షులు సంతృప్తి వ్యక్తం చేశారు.

నిదానానికి ఒక్క విషయంలో మాత్రం విపరీతమైన తొందర ఉంది. జనవరి నెలాఖరున ఒక టూర్ల కంపెనీకి ఫోను చేస్తే "సార్, మూడు సీట్లే మిగిలాయి, ఈ సాయంత్రంలోపు అడ్వాన్సు కట్టాలి" అన్నాడు ఆ అబ్బాయి. మేము పదకొండు మందిమి. అయినా వదులుకోలేక కమిటీ అత్యవసరంగా సమావేశమై ఏమీ తేల్చలేక లేచింది. ఫిబ్రవరిలో అతడే ఫోను చేశాడు. మూడు సీట్లే. శివరాత్రి జాగరణలో ఉండగా మళ్ళీ చేశాడు. మూడే. అంత నిలకడ గల సంఖ్యను సారు తన ముప్పై రెండేళ్ళ సర్వీసులో చూడలేదు. ఆ కంపెనీ పంపిన కాగితంలో "జీవితంలో వేగం తగ్గించుకోండి" అని ఉంది, దాని కింద ఎర్ర అక్షరాల్లో "త్వరపడండి". మన సామాను మనం మోయక్కర్లేదు, కంచరగాడిద మోస్తుందని కూడా ఉంది. దాని సెలవులు ఎప్పుడో రాయలేదు.

ఆ గాడిద మీద వదినకు పూర్తి నమ్మకం కుదిరింది. మనిషికి పదిహేను కిలోలని చెబితే, పదకొండు మందికి 165 అని కూడి, అందులో 120 తిండికి కేటాయించింది. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, గోంగూర ఊరగాయ, ఉగ్గానికి బొరుగులు. బొరుగులు బరువుండవు కదా అని సారు అంటే, చోటు తింటాయని ఆమే చెప్పింది. హిమాలయాల్లో ఉగ్గాని దొరక్కపోతే ఎలా అన్న భయం ఈ యాత్ర మొత్తంలో అందరికీ ఉమ్మడిగా ఉన్న ఏకైక భావం.

నేను బూట్లు కొన్నాను. వాటి ధర ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పను. మడమ పైకి వచ్చే బూట్లు, వాటిలోకి ఉన్ని సాక్సులు, చేతికి మడిచే రెండు కర్రలు. కొత్త బూట్లు వేసుకుని నేరుగా కొండ ఎక్కితే కాళ్ళు బొబ్బలెక్కుతాయి, నెల ముందు నుంచి ఇక్కడే తొడిగి మెత్తబరచాలన్నాడు అంగడి అతను. మార్చిలో, కర్నూలులో, ఉన్ని సాక్సుల్లో. మా అమ్మ, అంటే వీధి మొత్తానికీ జేజి, ఆ రెండు కర్రలను అటూ ఇటూ తిప్పి చూసి "రెండెందుకురా? నాకే ఒకటి చాలుతాంది" అంది. మరుసటి రోజు నుంచి ఒకటి మునక్కాయలు దించే పనిలో ఉంది. దాని పొడవు పెంచుకోవచ్చని ఆమె నా కన్నా ముందు కనిపెట్టింది.

ఉగాది దగ్గర పడింది. ఉగాదికి ముందు మా జిల్లా రోడ్ల మీద ఏం జరుగుతుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. బాగల్‌కోట వైపు నుంచి, బెళగావి, రాయచూరు వైపు నుంచి కన్నడ భక్తులు వేలకు వేలు శ్రీశైలానికి నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్ళింటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పండక్కి బిడ్డకు చీర, పసుపు కుంకుమ పెట్టి రావాలి. రోడ్డు పట్టుకుని పోతే కర్నూలు నుంచి దోర్నాల మీదుగా 180 కిలోమీటర్ల దాకా అవుతుంది. వాళ్ళు ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగిపోతారు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను లోయ, అక్కడి నుంచి మెట్లెక్కి కైలాసద్వారం. శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించినవాడు కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి, అంటే ఏడొందల ఏళ్ళ కిందటి మాట. కొందరు కట్టెకాళ్ళు కట్టుకుని నడుస్తారు. ఆ మోడలు మా బూట్ల అంగడిలో లేదు.

ఈ దారిని కూడా పరిశీలించాలని కమిటీలో ఒక చిన్న గొంతు లేచింది. నిష్పక్షపాతంగా పరిశీలించాం. కొండలు, నల్లమల, ఉన్నాయి. వేసవి కావలసినంత ఉంది. నిదానం ఉంది. దారి పొడవునా పల్లెలవాళ్ళు మజ్జిగ, అన్నం, పడకకు చాప ఇస్తారు. కానీ అడ్వాన్సు కట్టించుకునేవాడు లేడు. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలి? పైగా అల్లుణ్ణి చూడటానికి అంత దూరం నడవడమా అని అధ్యక్షులు ముక్కు మీద వేలేసుకున్నారు. ఆయన అల్లుడి ఇల్లు వెంకటరమణ కాలనీలో. ఆటోలో పోతారు. ప్రతిపాదన వీగిపోయింది.

మరునాడు పొద్దున బూట్లు మెత్తబరిచే పనిలో నందికొట్కూరు రోడ్డు మీద మూడు కిలోమీటర్లు నడిచాను. మూడో కిలోమీటరు చివర ఎడమ మడమలో నిప్పు పెట్టినట్టయింది. రోడ్డు పక్కన భక్తుల కోసం వేసిన పందిరి కనిపిస్తే కుంటుకుంటూ పోయి చాప మీద కూలబడ్డాను. అక్కడి పిల్లోడు ఒకడు మాట్లాడకుండా నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని, బూటు విప్పి, సాక్సు ఊడదీశాడు. రూపాయి బిళ్ళంత బొబ్బ. సూదిలో దారం ఎక్కించి, బొబ్బలోంచి దూర్చి, దారం అట్లాగే వదిలేశాడు. నీరు కారిపోయింది. పిక్కలకు ఆముదం రాస్తూ అడిగాడు.

"ఎన్నాళ్ళాయె సామీ బయల్దేరి?"

నేను అబద్ధమాడే మనిషిని కాను.

"సంక్రాంతికి మొదలుపెట్టినాం" అన్నాను.

వాడి చెయ్యి ఆగింది. నా మొహం వైపు, బూటు వైపు, మళ్ళీ నా మొహం వైపు చూశాడు. "అన్నా, ఇట్ల రాండి! ఈ సామి సంక్రాంతి నుంచి నడుస్తాండాడంట!" అని కేకేశాడు. పందిట్లో ఉన్నవాళ్ళంతా తిరిగారు. నా పక్కన పన్నెండు రోజులుగా నడిచివస్తున్న ముసలాయన, పాదాలకు గుడ్డలు చుట్టుకున్నాయన, చాప మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చి, రెండు చేతులూ జోడించాడు. ఎవరో మజ్జిగ తెచ్చారు. పచ్చిమిరపకాయ, కొత్తిమీర, అల్లం దంచి వేసిన మజ్జిగ. నిజం విప్పి చెబుదామనే నోరు తెరిచాను, అంతలో రెండో గ్లాసు వచ్చింది.

అప్పుడే జేబులో ఫోను మోగింది.

"ఇంటికాడ్నుంచేమో సామీ, ఎత్తు" అన్నాడు పిల్లోడు. "అన్ని దినాల నుంచి కనపడకపోతే వాళ్ళెంత కలవరపడతాండారో."

ఎత్తాను. మూడు సీట్లే మిగిలాయట.