కంపెనీవాడికేం తెలుసు

పాత మోటారుసైకిళ్ల ఇంజన్లను రూపొందించిన ఇంజనీర్లను తలచుకున్నప్పుడల్లా నాకు జాలి కలుగుతుంది. డ్రాయింగు బల్లలు, లోహాలను పరీక్షించే గదులు, ఇంజనును రాత్రింబవళ్లు తిప్పి చూసే బెంచీలు, లెక్కలు కట్టడానికే జీతం తీసుకునే మనుషులు, ఇన్ని ఉండి కూడా వారి కంట పడని లోపాలను మనం ఒక ఆదివారం ఉదయం, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, చేతిలో ఒక ఆకురాయి, ఒడిలో ఒక మసిగుడ్డ ఉంటే చాలు, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా పట్టేస్తున్నాం. ఇంతటి ప్రజ్ఞ ఇళ్ల వెనుక గదుల్లో మూలుగుతున్నా దానికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ విద్యలో మొదటి సూత్రం ఏమిటంటే, చక్కగా నడుస్తున్న ఇంజనునే విప్పాలి. చెడిపోయినదాన్ని బాగుచేయడం ఎవరైనా చేసే పని. బాగున్నదాన్ని మరింత బాగుచేయబూనడానికే గుండెధైర్యం కావాలి. విప్పడానికి సరైన పానాయే ఉండాలని పట్టుబట్టే ఛాందసులు కొందరున్నారు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మరలన్నింటికీ 55 డిగ్రీల కోణం ఉండాలని ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. పాత ఇంగ్లీషు బండ్ల మీద ఆ పద్ధతి మరలు చాలాకాలం కొనసాగాయి. ఆ పానాల మీద చెక్కిన అంకె నట్టు తల వెడల్పును చెప్పదు, బోల్టు కాడ మందాన్ని చెబుతుంది. ఈ సంగతి తెలియనివాడు దాదాపుగా సరిపోయే మిల్లీమీటర్ల పానా ఒకటి తగిలించి, మూడే మూడు పట్లలో ఆరు పలకల నట్టును గుండ్రంగా మార్చేస్తాడు. తెలిసినవాడూ అదే చేస్తాడు, కాకపోతే కాస్త సిగ్గుపడుతూ చేస్తాడు. ఇక పాత జపాను బండ్ల స్క్రూల సంగతి. వాటి తల మీది ప్లస్ గాడి జపాను ప్రమాణం ప్రకారం తీసినది కావడంతో, మన దగ్గరుండే మామూలు స్క్రూడ్రైవరు మొన అందులో పూర్తిగా కూర్చోదు. తిప్పగానే పైకి లేచి గాడిని తినేస్తుంది. ఆ తరువాత ఉలి, ఉలి తరువాత డ్రిల్లు, డ్రిల్లు తరువాత సుదీర్ఘ మౌనం.

విప్పాక చేయవలసింది శక్తిని పెంచడం. 70 మి.మీ. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 90 మి.మీ. స్ట్రోకు, అంటే అందులో పిస్టను కదిలే దూరం, ఉన్న ఒంటి సిలిండరు ఇంజనును తీసుకుందాం. దాని కొలత 346 సీసీలు. ఓవర్‌సైజు పిస్టన్లను కంపెనీవారు 0.25, 0.50 మి.మీ. చొప్పున పెంచుకుంటూ పోయింది అరిగిన సిలిండర్లను సాపు చేసుకొని మళ్లీ వాడుకోమని. మనం మాత్రం వాటిని ఇంజనుకు బలం మందుగా స్వీకరించాం. బోరు పట్టించి ఏకంగా 1 మి.మీ. పెద్ద పిస్టను వేస్తే ఆ 346 కాస్తా 356 అవుతుంది. పెరిగింది పది సీసీలు, అంటే రెండు టీస్పూన్లు. దానితో తృప్తి చెందక సిలిండరు మూత అయిన హెడ్డును కూడా 1 మి.మీ. చెక్కిస్తే, లోపలి మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందో చెప్పే కంప్రెషన్ నిష్పత్తి ఇదే ఇంజనులో 6.5 నుంచి 7 దరిదాపులకు చేరుతుంది. ఇంత చేసి బండి ఎక్కినవాడు తేడా ఏమీ తెలియలేదని అన్న దాఖలా లేదు. డబ్బు పెట్టినవాడి వెన్నెముక కంటే సున్నితమైన కొలమానం ఏ ప్రయోగశాలలోనూ ఉండదు.

ఈ శాస్త్రానికి కుటుంబ సహకారం చాలా అవసరం. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుచేత ఇంజను కింది అల్యూమినియం పెట్టె అయిన క్రాంకు కేసును నూరు డిగ్రీలకు వేడిచేసి, ఉక్కు బేరింగును బాగా చల్లబరిస్తే, సుత్తితో పని లేకుండా అది తన గూట్లోకి తానే జారిపోతుంది. ఇది నూటికి నూరుపాళ్లు నిజం, చూడముచ్చటైన దృశ్యం కూడా. కేసును ముందుగా శుభ్రంగా కడగకపోతే ఓవెన్‌లోంచి వచ్చే వాసన వారం రోజులు ఇల్లు వదలదన్నదీ నిజమే, కానీ దాన్ని మాన్యువల్‌లో రాయరు.

"ఏమండీ, ఫ్రిజ్‌లో ఐస్ ట్రే పక్కన సంచిలో చుట్టి పెట్టిందేమిటి?" అని మా ఆవిడ అడిగింది.

"బేరింగులు."

"ఎన్నాళ్లుంటాయి?"

"కేసు వేడెక్కగానే తీసేస్తాను."

"పోయిన నెలా ఇదే మాట అన్నారు. ఆ కేసు ఇంకా వేడెక్కలేదా?"

శాస్త్రజ్ఞుల ఇళ్లలో ఇటువంటి ప్రశ్నలు సహజం కాబట్టి నేను జవాబు చెప్పకుండా సర్క్లిప్ బిగించడానికి వెళ్లిపోయాను.

సర్క్లిప్ గురించి ఒక పేరా కేటాయించక తప్పదు. పిస్టనును కనెక్టింగ్ రాడ్డుకు కలిపే పిన్ను పక్కకు జరగకుండా, రెండు కొసలా చిన్న గాడిలో కూర్చునే ఉక్కు తీగ చుట్ట అది. వేలిగోరంత ఉంటుంది. దాన్ని గాడిలోకి నొక్కేముందు క్రాంకు కేసు నోట్లో గుడ్డ కుక్కాలని ఈ పనిలో చేయి పెట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ గుడ్డ నా మోకాలి కింద ఉంది. ముక్కుపటకారు కొసన ఉన్న చుట్ట ఒకవైపు గాడిలో దిగి, రెండోవైపు దిగబోయి, "టింగు"మని ఒక్క శబ్దం చేసి అదృశ్యమైంది. అటువంటప్పుడు మనిషి ముందుగా గదంతా వెతుకుతాడు, బల్ల కింద వెతుకుతాడు, చొక్కా విప్పి దులుపుతాడు, అయస్కాంతం పట్టుకొని నేలంతా పాకుతాడు. అది ఎక్కడికి వెళ్లిందో మొదటి క్షణంలోనే తెలిసి కూడా ఇదంతా చేస్తాడు. మూడు వారాలు కష్టపడి బిగించిన క్రాంకు కేసును నేను ఆ సాయంత్రమే మళ్లీ విప్పాను. చుట్ట మాత్రం నా చెప్పులో దొరికింది.

సైలెన్సరు విషయంలో కంపెనీలవారి అజ్ఞానం మరీ దారుణం. లోపల అడ్డుపలకలు పెట్టి ఇంజను గొంతు నొక్కారని మనవారి అభియోగం. అడ్డుపలక పీకేస్తే మోత పెరుగుతుంది, మోత పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది, అనిపించాక మళ్లీ గడియారం పెట్టి చూసుకోవడం అవిశ్వాసం కిందికి వస్తుంది. పొగగొట్టంలో ఒత్తిడి మారితే లోపలికి వెళ్లే పెట్రోలు మోతాదు కూడా మారుతుందనీ, కార్బ్యురేటరులో పెట్రోలును వదిలే మెయిన్ జెట్టు మార్చవలసి వస్తుందనీ గొణిగేవారిని పట్టించుకోనవసరం లేదు. టూస్ట్రోకు బండికి ఈ వైద్యం చేసినప్పుడు వినోదం మరింత ఎక్కువ. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్, పొగగొట్టంలోకి వెళ్లిన ఒత్తిడి తరంగం వెనక్కి తిరిగి వచ్చి, బయటికి పారిపోబోయే తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండరులోకి నెట్టేలా గొట్టం పొట్టనూ తోకనూ కొలిచి కొలిచి తీర్చిదిద్దాడు. 1961 నాటికి ఆయన 125 సీసీల ఇంజను 25 అశ్వశక్తి ఇచ్చింది. ఆ ఏడాదే ఆయన రేసుగాడు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పోటీ నుంచి అటే పశ్చిమానికి జారుకొని సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాది 50 సీసీల ప్రపంచ విజేత అయ్యాడు. ఒక దేశం దాటించుకొని మరీ తెచ్చుకున్న ఆ గొట్టం తోకను మనం రంపంతో కోసి, బండికి ఊపిరాడుతోందని సంబరపడుతున్నాం.

ఎవరైనా అడ్డు చెబితే మనవారు వెంటనే బర్ట్ మన్రో పేరెత్తుతారు. న్యూజీలాండుకు చెందిన ఆయన, 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండిని ఇంట్లోనే మార్చుకుంటూ పోయి, పిస్టన్లు సైతం తానే పోతపోసుకొని, 1967లో 68 ఏళ్ల వయసులో అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకు 295 కిలోమీటర్ల వేగంతో రికార్డు సృష్టించాడు. కొత్తలో ఆ బండి వేగం 90 కిలోమీటర్లకు కూడా చేరేది కాదు. పోతపోసిన సంగతి మనకు కంఠతా వచ్చు. నడుమ గడిచిన నలభై యేళ్ల పైచిలుకు మాత్రం గుర్తుండదు. పగిలిన భాగాలన్నీ ఆయన ఒక అర మీద పేర్చి, వేగదేవుడికి నైవేద్యాలని రాసిపెట్టుకున్నాడు. నాకూ అటువంటి అర ఉంది. అందులో ఉన్నవి పగిలినవి కావు, బిగించాక మిగిలినవి: రెండు వాషర్లు, ఒక స్ప్రింగు, ఎక్కడిదో చెప్పలేని ఒక డోవెల్ పిన్ను.

ఎట్టకేలకు నా ఇంజను నలభయ్యో కిక్కుకు రాజుకుంది. పొగ లేదు, లోపలి చప్పుడు సమంగా ఉంది. బాగా వేడెక్కాక, ఒక చిన్న ఎత్తు ఎక్కుతుండగా, కీచుమని పట్టేసింది. హెడ్డు తీసి చూస్తే సిలిండరు గోడ మీద గోళ్లతో రక్కినట్టు నిలువు చారలున్నాయి. పిస్టను చుట్టూ ఉండే రింగు రెండు కొనల నడుమ సందు చాలలేదు. వేడికి కొనలు పెరిగి ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. కంపెనీవాడి తప్పును ఈసారి రాతపూర్వకంగా పట్టుకోవాలని మాన్యువల్ తెరిచాను. నూనె మరకలతో అతుక్కుపోయిన పేజీలు విడదీస్తే ఆ పట్టిక కనిపించింది. 70 మి.మీ. బోరుకు రింగు సందు 0.28 మి.మీ. అని అచ్చులో ఉంది. ఆ అంకెను ఎవరో పెన్సిలుతో కొట్టేసి, పక్కన 0.10 అని వేసి, "సందు తగ్గితే బలం పెరుగుతుంది" అని రాశారు. చేతిరాత నాదే.