‘వీధి పిల్లి ఇంట్లో బతకదు’ అన్న మెసేజ్‌కి జవాబు

కొద్ది రోజులుగా విజయనగరంలో కాలనీల గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దెబ్బ తగిలిన వీధి పిల్లి కనిపిస్తే ఏం చెయ్యాలో అందులో చెప్పారు. గాయాన్ని అదే నాక్కుని మానుకుంటుందట, మనం ముట్టుకోకూడదట. మరీ మూలుగుతుంటే పావు పారాసిటమాల్ బిళ్ళ పాలలో కలిపి పట్టాలట. ఇంట్లోకి మాత్రం తేవద్దు, వీధి పిల్లి నాలుగ్గోడల మధ్య బతకదు, బెంగతో తిండి మానేసి చచ్చిపోతుంది అన్నారు. గర్భిణులున్న ఇంటికి పిల్లి ప్రమాదం, దాని బొచ్చుతో ఉబ్బసం వస్తుంది అన్నారు. ఎవరైనా ఇప్పటికే తెచ్చుకుని ఉంటే, నడవగలిగిన రోజున ఊరవతల వదిలేసి రమ్మన్నారు.

రాసినవాళ్ళకి పిల్లుల మీద జాలి ఉందనే అనుకుంటున్నాను. కానీ వాళ్ళు చెప్పినట్టు చేస్తే పిల్లి చచ్చిపోతుంది. అన్నిటికంటే ముందు ఆ బిళ్ళ సంగతి.

పారాసిటమాల్‌ని మన కాలేయం ఒక ఎంజైము సాయంతో హాని లేని రూపంలోకి మార్చి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి దాదాపు లేదు. మందు విషంగా మారి, నెత్తురులోని ఎర్రకణాలు ప్రాణవాయువుని మొయ్యలేకుండా చేస్తుంది. కొన్ని గంటల్లోనే చిగుళ్ళు మట్టిరంగుకి తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఎగశ్వాస మొదలవుతుంది. 500 మిల్లీగ్రాముల బిళ్ళలో పావు అంటే 125. మన వీధి పిల్లులు మూడు కిలోలుంటే గొప్ప. అంటే కిలోకి 40 మిల్లీగ్రాముల పైమాటే. కిలోకి 10 మిల్లీగ్రాములకే విషం ఎక్కిన పిల్లులున్నాయి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే. మన ఇంట్లో ఉండే నొప్పి మాత్ర ఏదీ పిల్లికి పనికిరాదు. ఇప్పటికే పట్టేసి ఉంటే దాచకుండా, ఎంత పట్టారో, ఏ వేళ పట్టారో డాక్టరుకి చెప్పండి. దీనికి విరుగుడు మందు ఉంది, ఎంత తొందరగా పడితే అంత మంచిది. ఇక పాలు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. నెత్తురు పోయి నీరసించిన పిల్లికి అది ఇంకో దెబ్బ.

‘నాక్కుని మానుకుంటుంది’ అన్నది పైపైన గీరుకుపోయిన గాయానికి నిజం. వీధి పిల్లికి తగిలేవి అలాంటివి కావు. కొట్లాటలో కోర దిగిన చోట పైకి కనిపించేది గుండుసూది మొనంత రంధ్రం. ఒకటి రెండు రోజుల్లో పైతోలు మూసుకుపోయి లోపల చీము పడుతుంది, జ్వరం తగులుకుంటుంది. తెరిచిన పుండయితే ఈగ వాలి పురుగులు పడతాయి. పురుగులు కనిపించగానే మన ఊళ్ళలో ఆవులకీ గేదెలకీ చేసే వైద్యమే దీనికీ చేసేస్తారు: టర్పెంటైన్, ఫినాయిల్, కర్పూరం. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కునే జంతువు. ఒంటి మీద పోసిందంతా కడుపులోకి పోతుంది, ఇవన్నీ దానికి విషాలే. డెట్టాల్ కూడా వాడొద్దు. డాక్టరు దగ్గరికి చేరేలోపు చెయ్యగలిగింది ఒకటే. కాచి చల్లార్చిన అరలీటరు నీళ్ళలో చిన్న చెంచాడు ఉప్పు కలిపి, ఆ నీళ్ళతో గాయం కడగడం. కట్టు కట్టే ప్రయత్నం చెయ్యకండి. మందపాటి తువ్వాలు కప్పి, అలాగే చుట్టి ఎత్తి, అట్టపెట్టెలోనో కోళ్ళ గంపలోనో పెట్టి మూత బిగించి తీసుకెళ్ళండి. పశువుల ఆసుపత్రిలో పిల్లిని చూడరన్న అపోహ చాలామందికి ఉంది, అడిగితే చూస్తారు. మన జిల్లాలో గరివిడిలో వెటర్నరీ కాలేజీయే ఉంది. పశువుల సంచార వైద్యానికి 1962 నంబరు ఉంది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, వెనక కాళ్ళు ఈడుస్తున్నా, ఒక రోజంతా మూత్రం పోయకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక అసలు మాట, ‘బెంగతో చచ్చిపోతుంది’ అన్నది. ఈ మాట నమ్మే చాలామంది విరిగిన కాలితో ఉన్న పిల్లిని మళ్ళీ గేటు బయట పెట్టేస్తున్నారు.

మా వీధిలో టిఫిన్ బండి పెట్టుకునే అమ్మాయి ఒకరోజు గంటస్తంభం దగ్గర ఆటో గుద్దిన పిల్లిని పమిటలో చుట్టుకుని తెచ్చింది. డాక్టరు కుట్లు వేశాడు. మర్నాడే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అప్పా, ఇది బతికీలాగ లేదు. ముద్ద ముట్టట్లేదు, మంచం కిందనించి రాట్లేదు. దిగులెట్టేసుకుంది గావాల" అంది. వెళ్ళి చూస్తే హాల్లో టీవీ మోగుతోంది, పిల్లలు మంచం కింద టార్చి వేసి చూస్తున్నారు, వాళ్ళాయన చీపురుకట్టతో బయటికి తొయ్యాలని చూస్తున్నాడు. పిల్లి చెవులు తలకి అతుక్కుపోయి ఉన్నాయి, కళ్ళు మొత్తం నల్లగా అయిపోయాయి. అది బెంగ కాదమ్మా, భయం అని చెప్పాను. దానికి తోడు నొప్పి.

సామాన్లగది ఖాళీ చేయించాం. ఒక మూల బోర్లించిన అట్టపెట్టె, పక్కకి చెయ్యి పట్టేంత కంత, లోపల దాన్ని తెచ్చిన పాత చీర ముక్క. ఇంకో మూల మట్టి పళ్ళెంలో చింపిన పేపరు ముక్కలు, పైన వీధి మట్టి ఒక గుప్పెడు, వాసన పడితే ఎక్కడికి వెళ్ళాలో దానికి తెలుస్తుందని. పుండు పచ్చిగా ఉన్నన్నాళ్ళు ఇసక వెయ్యకూడదు, అంటుకుంటుంది. కిటికీకి దుప్పటి. ఉడికించిన నెత్తళ్ళు గోరువెచ్చగా పెట్టి తలుపు వేసేశాం. పొద్దున్న చూస్తే పళ్ళెం కడిగినట్టుంది, పేపరు ముక్కలు ఓ పక్కకి తవ్వి ఉన్నాయి. పిల్లి మాత్రం పెట్టెలోంచి కదల్లేదు. కదలక్కర్లేదు కూడా.

దాక్కోనివ్వడమే వైద్యంలో సగం. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్ళు 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో కొన్నింటికి దాక్కునే పెట్టె ఇచ్చారు, మిగతావాటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవాటి బెదురు తొలి రోజుల్లోనే తగ్గింది. దొరకనివి వాటికి సమానంగా తేరుకోవడానికి రెండు వారాల దాకా పట్టింది. కాబట్టి తొలి వారం ఎత్తుకోవద్దు, స్నానం చేయించొద్దు, వచ్చిన చుట్టాలకి చూపించొద్దు. రోజూ ఒకే వేళకి వెళ్ళి, నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, మీ పని మీరు చేసుకోండి. అది మీ వంక చూస్తే కళ్ళు మెల్లిగా మూసి తెరవండి. ఇది చాదస్తం కాదు. అలా చేసిన మనిషికి పిల్లి కూడా కళ్ళు అరమోడ్చి జవాబిస్తుందనీ, చేతికి దగ్గరగా వస్తుందనీ ఇంగ్లండులో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో చూపించారు.

తిండి మానేస్తే చచ్చిపోతుందన్న మాటలో మాత్రం నిజముంది. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి కాలేయంలో కొవ్వు చేరి అదే ప్రాణం మీదికి తెస్తుంది. కానీ దవడ విరిగినా, జ్వరమున్నా, ముక్కు మూసుకుపోయినా పిల్లి తినదు. రెండో రోజు కూడా ముట్టకపోతే మళ్ళీ డాక్టరుకి చూపించాలి తప్ప వీధిలో వదిలితే ఆ దవడ అతకదు. కోలుకుంటున్న పిల్లికి పెరుగన్నంతో సరిపెట్టకండి. టారిన్ అనే పోషకాన్ని పిల్లి ఒళ్ళు తగినంత తయారు చేసుకోలేదు. మాంసంలో, చేపలో దొరికేదే. అది చాలకపోతే గుండె కండరం సాగిపోతుందని 1987లో తేలింది. నెత్తళ్ళు, కవళ్ళు మన తీరంలో చవకే. పచ్చివి కాకుండా ఉడికించి పెట్టండి. పచ్చిగా పెడితే వాటిలోని ఒక పదార్థం బి1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. ఉప్పు చేప వద్దు, ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర అసలే వద్దు.

అన్ని పిల్లులూ ఒళ్ళోకి వస్తాయని నేను చెప్పడం లేదు. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం లోపు మనిషి చెయ్యి ఎరిగిన పిల్లి ఎంత బెదిరినా మళ్ళీ మచ్చికవుతుంది. ఎన్నడూ మనిషిని అంటనివ్వకుండా పెరిగిన పెద్దపిల్లి కాకపోవచ్చు. దానికి మీ గది ఆసుపత్రి మంచం లాంటిది, నయమయ్యేదాకా ఉంటుంది. అలాంటిదాన్ని బలవంతంగా పెంచుకోవాలని నేనూ అనను.

గర్భిణుల మాట. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో వస్తుంది, నిజమే. సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే వస్తుంది. వచ్చింది అంటుకునే స్థితికి చేరడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. ఇంట్లో ఇంకెవరైనా రోజూ ఆ పళ్ళెం శుభ్రం చేస్తే చాలు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరలతో కూడా ఇది వస్తుంది, ఆ జాగ్రత్త పిల్లి లేని ఇంట్లోనూ అవసరమే. ఉబ్బసానికి కారణం బొచ్చు కాదు, దాని మీద ఎండిన ఉమ్మిలో, చర్మంలో ఉండే ఒక ప్రొటీను. అది పడనివాళ్ళకి నిజంగా ఆయాసం వస్తుంది. అలాంటివాళ్ళుంటే పిల్లిని వేరే ఇంట్లో పెట్టించండి.

ఆ మెసేజ్‌లో రాయాల్సింది ఒకటి రాయలేదు: రేబీస్. పిల్లి కరిచినా, నెత్తురు వచ్చేలా గీరినా వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. చర్మంలోకి వేసే టీకా 0 (అంటే తొలి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో పడుతుంది. నెత్తురు వస్తే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా అడగండి. పసుపో కారమో అద్ది ఊరుకోవద్దు.

చివరిది, ‘ఊరవతల వదిలెయ్యండి’. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆ ఏడిళ్ళూ దానికి తెలిసిన ఇళ్ళే. తీసుకెళ్ళి తెలియని చోట దింపితే నీరు ఎక్కడుందో, ఏ కుక్క ఎక్కడ కాపలా ఉందో దానికి తెలియదు. పాత చోటు వెతుక్కుంటూ రోడ్డెక్కుతుంది. ఆకలి దప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా. మచ్చిక కాని పిల్లిని వదలాలంటే కుట్లు పూర్తిగా మానాక, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబీస్ టీకా వేయించి, దొరికిన వీధిలోనే, రోజూ ఎవరో ఒకరు ఇంత తిండి పెట్టే చోటే వదలాలి. ఆపరేషన్ మానకండి. ఆడపిల్లి నాలుగు నెలలకే చూలు కట్టగలదు, తొమ్మిది వారాలకి ఈనుతుంది.

ఆ మెసేజ్ మీరు ఎవరికైనా పంపి ఉంటే, ఇదంతా పంపే ఓపిక లేకపోయినా ఫరవాలేదు. పిల్లికి పారాసిటమాల్ పట్టొద్దన్న ఒక్క ముక్క వాళ్ళకి ఈ రోజే పంపండి.