ఘాట్‌లో న్యూట్రల్ చేయమని కొత్త డ్రైవర్లకు చెప్పకండి

"పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలో చేరుతున్న డ్రైవర్ తమ్ముళ్లకు ఆరు సూత్రాలు" అంటూ ఒక మెసేజ్ నెల రోజులుగా తిరుగుతోంది. నిన్న ఒక్కరోజే నాలుగు గ్రూపుల్లో వచ్చింది. పంపినవాళ్లలో సగం మంది నాతో పాటు స్టీరింగ్ పట్టినవాళ్లే. అందుకే ఒళ్లు మండింది.

మొదటిది, నిమ్మకాయలు కట్టకుండా బండి తీయొద్దట. కట్టుకోండి, ఎవరొద్దన్నారు? రెండోది, సూపర్‌వైజర్‌ని సార్ అని పిలవాలట. పిలవండి.

మూడోది: "పెద్ద కంపెనీ కదా, కాగితాలూ లోడూ వాళ్లే చూసుకుంటారు." చూసుకోరు. మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, పైన ఎక్కిన ప్రతి టన్నుకూ 2,000 జరిమానా ఉంది. అది నడిపించినవాడితో పాటు నడిపినవాడికీ వర్తిస్తుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (రవాణా శాఖ అధికారి) బండి ఆపితే కిందికి దిగేది మీరే, ఆఫీసులో కూర్చున్నవాళ్లు కాదు. బరువు తూచిన కాటా చీటీ చూడకుండా గేటు దాటకండి. సరుకుతో పాటు ఉండాల్సిన ఆన్‌లైన్ చీటీ ఈ-వే బిల్లుకు మామూలు లోడైతే 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. దారిలో బండి చెడితే గడువు దాటకముందే ఆఫీసుకు ఫోన్ చేసి పొడిగించమనండి.

నాలుగోది చదివాక కాసేపు ఫోన్ పక్కన పడేశాను. "ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుంది, మైలేజీ బోనస్ మీదే."

అయ్యా, ఇది రాసినాయన పలమనేరు నుంచి చిత్తూరు వైపు లోడు బండితో మొగిలి ఘాట్ ఎప్పుడైనా దిగాడా? నేను క్లీనర్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి అక్కడే మా ముందు బండి న్యూట్రల్‌లో, అంటే గేరు తీసేసి, దిగింది. మొదట కాలిన వాసన వచ్చింది. తర్వాత వెనక చక్రాల దగ్గర పొగ. అతను బ్రేకు మీద నిలబడే ఉన్నాడు, లైటు వెలుగుతూనే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. మట్టి గట్టుకు గుద్దించాడు కాబట్టి బతికాడు. మా డ్రైవర్ దిగివెళ్లి నీళ్లు పోస్తే బ్రేకు డ్రమ్ము సుయ్యిమంది.

గేరులో ఉంటే ఇంజనే కొంత భారం పట్టి ఆపుతుంది. న్యూట్రల్‌లో ఆ భారమంతా బ్రేకు లైనర్ల మీద, అంటే డ్రమ్మును పట్టి ఆపే పట్టీల మీద పడుతుంది. డ్రమ్ము వేడెక్కి పెద్దదవుతుంది, లైనర్ పట్టు జారుతుంది. మాటిమాటికీ తొక్కితే బ్రేకును నడిపే ఎయిర్ (గాలి) ఖర్చవుతుంది, ఐడిల్‌లో ఉన్న, అంటే ఊరికే నెమ్మదిగా తిరుగుతున్న ఇంజన్ దాన్ని అంత వేగంగా నింపలేదు. అప్పుడు గేరు వేద్దామంటే పడదు. ఎక్కిన గేరులోనే దిగమని, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజన్ పొగను అడ్డి వేగం తగ్గించేది) వాడమని పెద్దలు ఊరికే చెప్పలేదు.

పోనీ డీజిలైనా మిగులుతుందా? పాత డీజిల్ పంపు ఇంజన్ల రోజుల్లో ఎవరో చెప్పిన లెక్క అది. ఇప్పటి కాలుష్య నిబంధనల బీఎస్-6 బండిలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే దిగుడులో ఇంజన్‌కు డీజిల్ వెళ్లడమే ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తేనే ఐడిల్ కోసం తాగుతుంది. అంటే ప్రాణం పోయే పని చేసి డీజిల్ కూడా ఎక్కువ కాలుస్తున్నారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, మొన్ననే హెవీ లైసెన్సు వచ్చినవాడు, ఇది నమ్మి గేరు తీస్తే ఎవరు బాధ్యులు? ఫార్వర్డ్ కొట్టిన మనమే.

ఐదోది, నిద్ర వస్తే టీ తాగి, జర్దా వేసి, అద్దం దించమంటుంది. నిద్రకు మందు నిద్రే. టైం దాటుతుందన్న టెన్షన్ నాకు తెలుసు. అయినా ఏ పెట్రోల్ బంకులోనో బండి ఆపి, ఆఫీసుకు ఫోన్ చేసి పడుకోండి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. మామూలుగా రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి అందులో ఉండేవి. 2025లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. అయినా అడగడం తప్పు కాదు.

ఆరోదాన్ని కూడా తిడదామనే మొదలుపెట్టాను: "మొదటి ఏడాది కంపెనీ మారొద్దు." ఆలోచిస్తే అది నిజమే. నేను నాలుగు నెలలకే బత్తా గొడవతో ఒక కంపెనీ మానేశాను. తర్వాత ఎక్కడికెళ్లినా "ఏడాదైనా ఒకచోట చేశావా?" అనే అడిగారు. మంచి రూట్లు చేతికొచ్చేసరికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆ ఒక్క లైను ఉంచండి. మూడోదీ నాలుగోదీ ఐదోదీ తీసేసి పంపండి.