ముందు ఒక గోడ ఇవ్వండి

లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్లినవాళ్లు వేలాడే స్తంభం దగ్గర ఆగుతారు. దాని కింద కండువా దూర్చి ఇవతలికి లాగి, ఫొటో దిగి, బసవన్న వైపు నడుస్తారు. ఆ మండపంలోనే తలెత్తి కప్పు వంక చూస్తే మన మనుషులు కనిపిస్తారు. పొడవాటి కుళ్లాయిలు పెట్టుకుని, శివపార్వతులకు మొక్కుతూ నిలబడ్డ విరూపణ్ణ, వీరణ్ణ. వెనక వాళ్ల పరివారం. 16వ శతాబ్దంలో ఆ గుడి కట్టించిన అన్నదమ్ముల చిత్తరువులవి. వాళ్లు ఏం కట్టుకున్నారో, తలకు ఏం పెట్టుకున్నారో, ఎలా నిలబడ్డారో నాలుగున్నర శతాబ్దాల తర్వాత కూడా చూడగలుగుతున్నాం. కానీ గార రాలుతోంది, రంగులు వెలిసిపోతున్నాయి.

కృష్ణదేవరాయల రూపం మనకు తెలుసంటే, తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ కంచు విగ్రహాల పుణ్యమే. ఎవరి విగ్రహం ఏదో పోల్చుకునేందుకు వాటి మీద పేర్లు కూడా చెక్కించారు. అంటే మనిషి పోలికను దాచుకోవాలన్న ఆలోచన మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. మధ్యలో ఎక్కడో వదిలేశాం. అనంతపురంలో దాన్ని మళ్లీ మొదలుపెట్టాలన్నదే మా మాట.

పిల్లల దగ్గరికి లండన్ వెళ్లివచ్చే తల్లిదండ్రులు మన జిల్లాలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఈసారి వెళ్లేవారు అక్కడి నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, అంటే పేరున్న మనుషుల చిత్తరువులు దాచిన ప్రదర్శనశాల, చూసి రావాలని మా కోరిక. ప్రవేశం ఉచితం. 1856లో పెట్టిన ఆ సంస్థకు తొలి చిత్రంగా చేరింది షేక్‌స్పియర్‌దని చెప్పే చిత్తరువు. పెద్ద చిత్రకారుడు గీశాడా లేదా అన్నది అక్కడ లెక్కకు రాదు, బొమ్మలో ఉన్నది ఎవరన్నదే చూస్తారు. ఆ మనిషి తప్పులు చేశాడని అందరూ ఒప్పుకున్నా, చరిత్రకు పనికొచ్చేవాడైతే అతని బొమ్మను తోసిపుచ్చరాదని మొదట్లోనే రాసుకున్నారు. రాజు, రాణి తప్ప బతికున్నవారి బొమ్మ పెట్టరాదన్న నియమాన్ని 1969 దాకా పాటించారు. మనం ఇక్కడ అలాంటిది కట్టుకుంటే ఈ మూడూ అరువు తెచ్చుకోవాలి. మూడోది మరీ ముఖ్యం. పదవిలో ఉన్నవారి ముఖాలకు కూడళ్లలో చోటు ఎలాగూ దొరుకుతోంది.

అనంతపురానికి ఇలాంటి గది ఒకటి కావాలన్నది మా మాట. అందులో ఎవరుండాలన్న దానికి వెతుక్కోవాల్సిన పని లేదు. తాడిపత్రిలో 1880లో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ. అనంతపురం నుంచి 1926లో శ్రీసాధన పత్రిక మొదలుపెట్టిన పప్పూరు రామాచార్యులు. తరిమెల గడ్డ మీద పుట్టిన కవి, పత్రికా సంపాదకుడు విద్వాన్ విశ్వం, కమ్యూనిస్టు నాయకుడు నాగిరెడ్డి. స్వాతంత్ర్య సమరయోధుడు హిందూపురం కల్లూరు సుబ్బారావు. ఇల్లూరు నుంచి రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లిన నీలం సంజీవరెడ్డి. దత్తమండలాలకు, అంటే నేటి రాయలసీమ ప్రాంతానికి, కలెక్టరుగా ఇక్కడ పనిచేసి, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో కన్నుమూసిన ఇంగ్లిషు దొర థామస్ మన్రో కూడా ఉండాలి. ఆయన గుర్రమెక్కిన విగ్రహం చెన్నైలో ఉంది. ఆయన శిస్తు లెక్కలు కట్టిన ఊళ్ల పిల్లలకు మాత్రం ఆ ముఖం తెలియదు.

బొమ్మే దొరకనివారి సంగతేమిటి? కటారుపల్లిలో వేమన సమాధి ఉందిగానీ ఆయన కాలంలో గీసిన చిత్రం లేదు. మనం చూస్తున్న వేమన తర్వాతివారి ఊహ. అది తప్పు కాదు. అయితే కింద ‘ఊహాచిత్రం’ అని రాసి తీరాలి, లేకపోతే మరో తరానికి అదే నిజమైపోతుంది. ఆ ఊహాచిత్రాలు కూడా ఎక్కడి నుంచో తెప్పించనక్కర్లేదు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో మేకతోలు మీద రాముణ్ణీ రావణుణ్ణీ నిలబెట్టే తోలుబొమ్మల కళాకారులున్నారు. వేమనను వాళ్లకే అప్పగించాలి.

మరో లోటు మమ్మల్ని బాధిస్తోంది. పాత సభల గ్రూప్ ఫొటోల్లో కుర్చీల మీద మగవాళ్లే, వెనక నిలబడ్డదీ మగవాళ్లే. బడి పెట్టిన పంతులమ్మ, కరువు రోజుల్లో గంజి కాచి పోసిన ఇల్లాలు, ఊరూరా కాన్పులు చేసిన మంత్రసాని ఆ చట్రంలోకి రాలేదు. వాళ్ల ఫొటోలు ఉంటే గింటే ఇళ్లలోనే ఉంటాయి. పెళ్లిఫొటోలో ఓ మూలనో, పటం కట్టించి దండ వేసిన గోడ మీదనో. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు ఆ పటాలు అటక మీదికీ, ఆ తర్వాత చెదపురుగుల నోట్లోకీ పోతున్నాయి. ఆ ముఖం ఎవరిదో చెప్పగలిగిన అవ్వ కూడా పోయాక, ఫొటో దొరికినా పేరు దొరకదు.

కాబట్టి భవనం కోసం ఆగకుండా ముందు పేర్లు రాయించాలి. కాలేజీ పిల్లలను ఎండాకాలం సెలవుల్లో ఊళ్లకు పంపి, పటం ఇంట్లోనే ఉంచి కాపీ తీయించుకుని, ఆ కాపీ వెనక పెద్దవాళ్లు చెప్పిన పేరు, ఊరు, చేసిన పని రాయిస్తే చాలు. ఖర్చు కొద్దిపాటిదే. జిల్లా రెండుగా చీలినా ఈ పని ఒక్కటిగానే జరగాలి, లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయిందని విరూపణ్ణ మనవాడు కాకుండా పోడు.

మా కార్యాలయంలో ఉన్న పాత ఫొటోలన్నింటి కాపీలు ఉచితంగా ఇస్తాం. పాఠకులు తెచ్చే పటాలకు కాపీ తీసి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చే ఏర్పాటు కూడా చేస్తాం. జిల్లా యంత్రాంగం ఇవ్వాల్సింది వాన కురవని ఒక గది, దానికి నాలుగు గోడలు.